మైనపు తీగకు మందు

నోలీన్ ట్రెంబాత్‌కి ఊరికే కూర్చోవడం చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను కడిగి, ఆవిరి పట్టి, పొట్లాలు కట్టే విభాగంలో పనిచేసింది. కత్తెర మడతలో చుక్కంత మరక కనిపించినా పళ్లెం మొత్తం వెనక్కి పంపే మనిషి. ఏప్రిల్లో రిటైరైంది. మే నెలాఖరుకల్లా ఇంట్లో కడగడానికి మొగుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ మొగుడు కెల్విన్ పొయ్యి పక్క కుర్చీలో ఫుట్‌బాల్ పేజీ చదువుకుంటూ, కాళ్ల కింద చీపురు వచ్చినప్పుడల్లా కాళ్లు ఎత్తి దించేవాడు. ఆస్ట్రేలియాలో జూన్ అంటే చలికాలం. బెండిగోలో ఆ ఏడు పొద్దున్నే గడ్డి తెల్లగా మంచు పట్టేది. బయట పని లేదు, లోపల పని అయిపోయింది. నోలీన్ గదిలోంచి గదిలోకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతుండేది.

అలాంటి రోజుల్లో పక్కింటి గ్వెండా స్క్యూస్ వచ్చి తలుపు తట్టింది.

ఇందులో పెద్ద విశేషం ఉంది. ఈ ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. గ్వెండా, ఆమె భర్త రాస్ ఏటా చలికాలం మొదలవగానే కారు వెనక చక్రాల ఇల్లు, కారవాన్, తగిలించుకుని ఉత్తరాన వెచ్చగా ఉండే కరుంబాకి పోతారు. మూడు నెలలు సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని సెప్టెంబరులో తిరిగొస్తారు. ఆ ఊళ్లో రిటైరైనవాళ్లలో సగం మంది చేసే పనే అది. రెండేళ్ల కిందట వాళ్లు అలా వెళ్లినప్పుడు, కంచె మీదుగా తన పెరట్లోకి ఒరిగిన గ్వెండా ఆప్రికాట్ చెట్టు కొమ్మల్ని నోలీన్ మనిషిని పెట్టి కొట్టించింది. వేసవిలో రాలిన పళ్లూ, వాటికోసం రాత్రుళ్లు చెట్టెక్కే పాసమ్ జంతువుల పెంటలూ ఎత్తలేక కొట్టించింది, నిజమే. కానీ ఆ మనిషి చెయ్యి కాస్త ముందుకే పోయింది. చెట్టు చచ్చింది. గ్వెండా వచ్చి చూసి, కంచె దగ్గర నిలబడి, ఒక్క మాటా అనకుండా లోపలికి పోయింది. తిట్టి ఉంటే నోలీన్ కూడా తిరిగి నాలుగు తిట్టి తేల్చుకునేది. తిట్టలేదు. ఆనాటి నుంచి చెత్తబుట్టలు వీధిలోకి తోసే వేళ కూడా ఇద్దరూ మార్చుకున్నారు.

ఇప్పుడు గ్వెండా చేతిలో ఇంటి తాళంచెవి ఉంది. ఏటా మొక్కలు చూసే మనిషికి మోకాలి ఆపరేషన్ అయిందట. కుండీలన్నీ కోడలికి పంపేశానంది, ఒక్కటి మాత్రం కదిలేది కాదంది. వంటింటి కిటికీ చుట్టూ దారాల మీద పాకించిన మైనపు తీగ అది. మందపాటి ఆకులు, వేసవి మొదట్లో గుత్తులుగా పూసే గులాబీరంగు పూలు, మైనంతో పోత పోసినట్టుంటాయి.

"మూడు వారాలకోసారి అరకప్పు నీళ్లు. అంతకుమించి ఏమీ వద్దు," అంది గ్వెండా.

నోలీన్ తాళంచెవి అందుకుంది. అలాగే అంది. గ్వెండా మెట్లు దిగబోయి ఆగి, ఆ తీగ తమ నాయనమ్మదని, నవంబరులో మొదటి గుత్తి కోసి అమ్మకి తీసుకెళ్తానని, అమ్మ ఏడాది పొడుగునా దాని గురించే అడుగుతుందని చెప్పింది. అమ్మ అంటే ఎనిడ్ రో. తొంభై మూడేళ్లావిడ, ఊరి శివార్లలో కంగారూ ఫ్లాట్ అనే పేటలో వృద్ధుల ఇంట్లో ఉంటోంది.

వాళ్ల కారవాన్ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి నోలీన్ లోపలికొచ్చింది. తాళంచెవిని మేకుకు తగిలించి, తీసి, ఇంకో మేకుకు తగిలించింది. ఆ సంగతి పైకి ఒప్పుకోదు కానీ, రెండేళ్లుగా ఆమెకు ఆ కంచె అవతలి మౌనం గొంతులో చేపముల్లులా ఉంది. ఈ మూడు నెలలు సరిగ్గా గడిస్తే ఆ ముల్లు పోతుంది. మళ్లీ ఏదన్నా అయితే ఆ తలుపు ఇక ఈ జన్మకి తెరుచుకోదు. ఆమెకు అంత స్పష్టంగా తెలుసు.

అంత తెలిసిన మనిషి అరకప్పుతో ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. చూసొద్దామని మర్నాడే వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. మట్టి పైన వేలు పెడితే పొడిగా తగిలేది. ఇంత పొడిలో ఏ ప్రాణి బతుకుతుందని ఓ కప్పు పోసేది. పొయ్యి రాజెయ్యని ఖాళీ ఇల్లు అది, మంచుగడ్డలా ఉంటుంది. పోసిన నీళ్లు పోసినట్టే అడుగున నిలిచిపోయాయి. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. నోలీన్‌కి రెండోది ఎలాగూ కుదరదు, మొదటిది అస్సలు చేతకాదు.

జూన్ మూడో వారంలో కిటికీ దగ్గర సన్నని నల్ల దోమలు లేచాయి. రెండు ఆకులు పసుపెక్కి ఊడాయి. కుండీలోంచి వాసన వచ్చింది. ఆ వాసన నోలీన్‌కి తెలిసిందే, కట్టు విప్పని పుండు వాసన.

"వదిలెయ్, ఆరితే అదే సర్దుకుంటుంది," అన్నాడు కెల్విన్ పేపర్ దించకుండా.

వదిలెయ్యడమా? నోలీన్ స్నానాలగదిలో అల్మారా తెరిచింది. దెబ్బలకూ, గీరుళ్లకూ, పుక్కిలించడానికీ ప్రతి ఇంట్లోనూ ఉండే గోధుమరంగు సీసా, హైడ్రోజన్ పెరాక్సైడ్ అక్కడుంది. మొక్కల వేళ్లు కుళ్లితే దాన్నే నీళ్లలో కలిపి పొయ్యాలని ఆసుపత్రిలో కలిసి పనిచేసినావిడ ఒకప్పుడు చెప్పింది. సీసా మీద మూడు శాతం అని ఉందో లేదో రెండుసార్లు చదివింది. ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు కలిపింది. పక్కింటి వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, కత్తెర మరిగించి పక్కన పెట్టుకుంది. రిటైరయ్యాక మొదటిసారి ఆమె చేతులకు పని దొరికింది.

తీగని దారాల మీదే ఉంచి కుండీని మాత్రం మెల్లిగా లాగింది. మెత్తబడి నల్లగా జారిపోతున్న వేళ్లు కత్తిరించింది. మిగిలిన వాటి మీద మందు నీళ్లు పోసింది. పొయ్యగానే తెల్లటి నురగ బుసబుసమంటూ లేచింది. ఆ నురగ చూస్తే నోలీన్‌కి ప్రాణం లేచొచ్చింది. నురగంటే క్రిమి చస్తోందని లెక్క. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె చేసిందంతా క్రిమిని చంపడమే, కానీ అక్కడ చావడం కళ్లకు కనబడేది కాదు. ఇక్కడ కనబడింది. ఇంకొంచెం పోసింది, మళ్లీ నురగ. కొత్త మట్టి, బెరడు ముక్కలు కలిపి నాటి, ఆకులన్నీ ఒక్కొక్కటీ తుడిచింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

తుడుస్తుంటే తీగ పొడుగునా బోడి పుల్లలు కంటబడ్డాయి. వేలెడు కూడా ఉండవు. ఆకు లేదు, పచ్చదనం లేదు, నమిలి పారేసిన అగ్గిపుల్లల్లా గరుకుగా ఉన్నాయి. లెక్కపెడితే నలభై మూడు. చచ్చిన కండ ఒంటి మీద ఉంచితే పుండు మానదన్నది ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. నలభై మూడూ కత్తిరించింది. ప్రతి కోత మీదా దూదితో మందు అద్దింది. పుల్లలన్నీ పేపర్లో చుట్టి చెట్ల చెత్త వేసే పచ్చ మూత బుట్టలో పడేసింది. దూరంగా జరిగి చూస్తే తీగ, ఆపరేషన్ అయిన రోగిలా శుభ్రంగా ఉంది.

ఆదివారం కరుంబా నుంచి గ్వెండా ఫోన్ చేసింది. రాస్ పెద్ద చేప పట్టాడని, పెలికన్ పక్షి సగం లాక్కుపోయిందని చెప్పింది. ఇద్దరూ నవ్వారు. రెండేళ్ల తర్వాత కలిసి నవ్వడం అదే మొదలు. తీగ ఎలా ఉందని చివర్లో అడిగింది. బాగుందంది నోలీన్. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

అప్పటినుంచి రోజు విడిచి రోజు సీసా పట్టుకెళ్లేది. ఒకసారి నురగ తక్కువ వస్తే సరిగా పడలేదేమోనని మళ్లీ పోసేది, ఎక్కువ వస్తే ఇంకా క్రిమి ఉందని మళ్లీ పోసేది. మందులషాపు పిల్ల మూడో సీసా ఇస్తూ ఇంట్లో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలిందా అని అడిగింది. పక్కింటివాళ్లకి అంది నోలీన్. అంతలో జులై మధ్యన తీగ కొసన కొత్త ఆకు ఒకటి, ఎర్రగా, గోరంత విచ్చుకుంది. ఆ పూట నోలీన్ కెల్విన్‌కి అడక్కుండానే కేక్ చేసి పెట్టింది.

కొత్త ఆకుతో సహా తీగ ఫోటో తీసి పట్టుకుని, బెరడు ముక్కలు కొనడానికి నర్సరీకి వెళ్లింది. అక్కడ డెస్ పాస్కో అని, నలభై ఏళ్లుగా కుండీల మొక్కలే లోకంగా బతికిన ముసలాయన. ఫోటోని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తీగ వయసెంత?" అన్నాడు.

"వందేళ్లుంటాయేమో."

"మరి దీని పూలముడులేవీ?"

నోలీన్‌కి అర్థం కాలేదు. ఆయన పక్కనున్న ఇంకో తీగ దగ్గరకు తీసుకెళ్లి వేలితో చూపించాడు. నమిలి పారేసిన అగ్గిపుల్లల్లాంటివే. ఇది ఏటా కొత్త చోట పూసే రకం కాదని, పూసిన ముడి మీదే మళ్లీ మళ్లీ పూస్తుందని, ఎండు పుల్లలా కనిపిస్తూనే ప్రాణం పట్టుకుని ఉంటుందని చెప్పాడు. అది తీసేస్తే తీగ మొదటినుంచి ముడి కట్టుకుంటూ రావాలి. మందు ఎన్నిసార్లు పోశారని అడిగాడు. ఆమె చెప్పింది.

"ఒక్కసారి చాలమ్మా. వేళ్లు కుళ్లాయి, కడిగారు, బతికింది. బాగానే చేశారు. తర్వాతవన్నీ దేనికి? నురగ చూసి రోగమే చస్తోందనుకున్నారా? ఆ మందుకు మంచీ చెడూ తెలీదు. మట్టిలో ఉన్న మంచి ప్రాణి కూడా ఆ నురగలోనే పోతుంది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నోలీన్ బెరడు ముక్కలు కొనకుండానే ఇంటికొచ్చి, తిన్నగా పచ్చ మూత బుట్ట దగ్గరకు పోయి తలకిందులుగా వంగి వెతికింది. దొరికినా ఏం చేస్తుంది? అతికిస్తుందా, కుడుతుందా? బుట్టలో చెత్త మునిసిపాలిటీ బండి ఎత్తుకుపోయి మూడు వారాలైంది.

మూడు రోజులు ఆమె ఉన్నచోట లేదు. కెటిల్లో నీళ్లు పెట్టి మరిచేది. మెలకువలో సగం, నిద్రలో సగం నలభై మూడు అని లెక్కపెట్టుకునేది. కెల్విన్ సంగతంతా విని, చెప్పకపోతే పోయె అన్నాడు. నవంబరులో పూయలేదంటే ఎండ చాలలేదనుకుంటుంది, పైఏడు చలి ఎక్కువైందనుకుంటుంది, మొక్కలన్నాక నూటొక్క కారణాలు అన్నాడు. తెలివైన మాటే. ఎంత తెలివైన మాటంటే, నోలీన్ ఒక పూటంతా దాన్ని నోట్లో పంచదార ముక్కలా పెట్టుకుని తిరిగింది.

సాయంత్రానికి అది చేదెక్కింది. ఆప్రికాట్ చెట్టప్పుడు కూడా ఇలాగే అనుకుంది. వచ్చాక చూస్తుందిలే, తెలుస్తుందిలే అనుకుంది. ఫోన్ నంబరు అప్పుడూ ఉంది.

చెయ్యాలి. చెయ్యలేకపోయింది. రెండుసార్లు నంబరు నొక్కి ఆపేసింది. చివరికి కారు తీసింది. ఎనిడ్ ఎలా ఉందో చూసొస్తానని మొగుడికి చెప్పింది. అసలు సంగతేమిటంటే కూతురికి చెప్పే ధైర్యం లేక తల్లికి చెప్పబోతోంది. తొంభై మూడేళ్లావిడ, సగం వినబడదు, సగం మరిచిపోతుంది, చెప్పిన పుణ్యం దక్కుతుంది. మనసులో ఆ లెక్క ఉన్నందుకు దారి పొడుగునా సిగ్గుపడుతూనే ఉంది.

ఎనిడ్ రో కిటికీ పక్క కుర్చీలో, కాళ్ల మీద ఊలు దుప్పటి కప్పుకుని ఉంది. చేతిలో టీ చల్లారిపోయింది. నోలీన్‌ని వెంటనే గుర్తుపట్టింది.

"కంచె పక్కమ్మాయివి కదూ. చెట్టు కొట్టించావు."

"అవును, మిసెస్ రో."

"కూర్చో తల్లీ."

నోలీన్ కూర్చోకుండానే చెప్పేసింది. నీళ్లు ఎక్కువ పొయ్యడం దగ్గర్నుంచి, కుళ్లు, పెరాక్సైడ్, కత్తెర, అన్నీ. ముసలావిడకు చెవులు బాగానే వినబడుతున్నాయని సగంలో తెలిసింది, కానీ ఆగలేదు.

"ముడులు తీసేశావా? అన్నీనా?"

"అన్నీ. నలభై మూడు."

ఎనిడ్ నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేని నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నోలీన్ టీ కప్పు అందుకోవాల్సి వచ్చింది.

"నేనూ తీసేశాను," అంది ఊపిరి కూడదీసుకుని. "కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది. ఈగిల్‌హాక్ ఊళ్లో మా అత్తగారి వరండాలో ఉండేది ఆ తీగ. కోడలు పనిమంతురాలు అనిపించుకోవాలని, ఆవిడ చర్చికెళ్లి వచ్చేలోగా శుభ్రంగా గొరిగి పెట్టాను. ఆవిడ వచ్చి చూసింది. మళ్లీ అది పూసేదాకా నాతో మాట్లాడలేదు."

"పూసిందా?"

"పూయకేం? పూసింది."

నోలీన్ మంచం అంచున కూలబడింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ఛాతీ మీంచి బండ దిగింది. అయితే చచ్చిపోయిందేమీ లేదు, పోగొట్టిందేమీ లేదు. పూస్తుంది. ఆ మాటే పైకి అంది.

"పూస్తుంది తల్లీ. నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు నా దగ్గర లేవు, అంతే."

ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. నోలీన్‌కి ఏదన్నా చెయ్యాలనిపించింది. నర్సరీలో పూసే తీగ తెస్తానంది, మెల్బోర్న్ వెళ్లైనా తెస్తానంది, ఈ నవంబరుకే తెస్తానంది. ఎనిడ్ చెయ్యి అడ్డంగా ఊపింది.

"పువ్వు నాకెందుకే? పువ్వు తెచ్చిన రోజున గ్వెండా సాయంత్రం దాకా కూర్చుంటుంది. సాసరులో నీళ్లు పోసి అందులో వేసి, ఏవో పాత ఊసులు చెబుతుంది. మామూలప్పుడు పది నిమిషాలు. కారు తాళాలు చేతిలోనే ఉంటాయి. పాపం, ఏం చేస్తుంది, ఇక్కడి వాసన దానికి పడదు." కుర్చీలో ముందుకు జరిగింది. "దానికి చెప్పావా?"

"లేదు."

"చెయ్యి ఫోను. ఇక్కడే."

నోలీన్ చేసింది. మూడో రింగుకే గ్వెండా ఎత్తింది. వెనక గాలి, పక్షుల అరుపులు, రాస్ ఎవరితోనో ఎర గురించి మాట్లాడటం వినబడుతున్నాయి. నోలీన్ ఈసారి ముందు కత్తెరతో మొదలుపెట్టింది. తన పొరపాటు తానే చెప్పింది, కారణాలు తర్వాత చెప్పింది. చెప్పడం అయ్యాక అవతల రాస్ గొంతు దూరమైంది, గ్వెండా ఫోను పట్టుకుని పక్కకు నడిచినట్టుంది.

"ఆ చెట్టప్పుడు ఇలా ఒక్క ఫోను చేసి ఉంటే..." అంది గ్వెండా. ఆ మాట పూర్తి చెయ్యలేదు. "అమ్మకి ఇప్పుడే చెప్పకు. నేనొచ్చాక మెల్లిగా చెబుతాను."

"అమ్మ ముందే ఉన్నాను గ్వెండా. చెప్పేశాను."

"ఏమంది?"

నోలీన్ ఎనిడ్ వైపు చూసింది. ముసలావిడ కిటికీ వైపు తిరిగి, ఏమీ విననట్టు దుప్పటి అంచు సర్దుకుంటోంది. ఏమీ అనలేదని చెప్పొచ్చు. నవ్విందని చెప్పొచ్చు, అది నిజం కూడా. నోలీన్ గొంతు తగ్గించుకుని, విన్నది విన్నట్టే చెప్పింది.

"మళ్లీ పూయడానికి నాలుగేళ్లు పడుతుందట. ఆ నాలుగేళ్లు తన దగ్గర లేవంది."

గాలి చప్పుడు వినబడుతూనే ఉంది. గ్వెండా ఏడుస్తోందో లేదో నోలీన్‌కి తెలియలేదు. తర్వాత ఆమె ఫోను పక్కకు తిప్పి మొగుణ్ణి పిలవడం వినబడింది. గాలాలు సర్దెయ్యమంది. ఆయన ఏదో అడిగాడు. ఇప్పుడే అంది.

"నోలీన్. రేపు బయల్దేరినా కారవాన్‌తో రావడానికి నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా నువ్వు ఆ మొక్క దగ్గరికి పోకు."

"పోను."

"అమ్మ దగ్గర కూర్చో. రోజూ వెళ్లి కూర్చో. ఏమీ చెయ్యక్కర్లేదు, తుడవక్కర్లేదు, సర్దక్కర్లేదు. నీకది కష్టమని తెలుసు. ఊరికే కూర్చో."

నోలీన్ ఫోను సంచిలో పెట్టేసింది. కోటు విప్పి తలుపు వెనక తగిలించి, ఇంకో కుర్చీ లాక్కుని ఎనిడ్ పక్కనే కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

"వస్తోందా?" అంది ఎనిడ్ కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"వస్తోంది. నాలుగు రోజులు పడుతుందట."

ముసలావిడ దుప్పటి మీద వేళ్లు ముడుస్తూ నాలుగు దాకా లెక్కపెట్టుకుంది.

"నాలుగు రోజులైతే ఉన్నాయి నా దగ్గర," అంది.